కొనే ముందు అత్తగారిని ఎక్కించి చూడండి

ప్రశ్న: నా వయసు 46. బ్యాంకు ఉద్యోగం. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కుర్చీ దిగను. ఈ మధ్య పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 6.2 వచ్చింది. మందులు ఇప్పుడే వద్దు, రోజూ వ్యాయామం మాత్రం చేసి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పారు. మెట్లెక్కేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. ఇంటికి వచ్చేసరికి ఏడు దాటుతుంది. ఆ చీకట్లో కుక్కల మధ్య, గోతుల మధ్య నడవడం నా వల్ల కావడం లేదు. అందుకే ఎక్సర్‌సైజ్ సైకిల్ కొందామనుకున్నాం. మావారు 92 కిలోలు, ఆయనా తొక్కుతానంటున్నారు. మా అత్తగారికి 71, బీపీ ఉంది, ఆవిడకూ సరదాగానే ఉంది. పై ఫ్లాటు ఆవిడ ఏడాది కిందట కొన్న స్పిన్ బైక్‌ను 9 వేలకు ఇస్తామంటున్నారు. ఇక్కడి దుకాణంలో చేతులు కూడా ఆడించే ఎయిర్ బైక్ 11 వేలు చెప్పారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి పెద్ద తెర ఉన్నదే కొనమంటున్నాడు. 25 వేల దాకా పెట్టగలం. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఏది కొనమంటారు? బాల్కనీలో పెట్టుకోవచ్చా? పై ఫ్లాటు ఆవిడ రోజూ అడుగుతున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నా కంట పడింది ఆ 9 వేల బేరం కాదు, మీ అత్తగారి సరదా. 71 ఏళ్ల మనిషి తనంతట తాను తొక్కుతాననడం మా పనిలో తరచుగా వినే మాట కాదు. నేను విజయవాడలో పంతొమ్మిదేళ్లుగా ఈ యంత్రాలు బిగిస్తూ, బాగుచేస్తూ బతుకుతున్నాను. మరమ్మతుకు పిలిచిన ఇళ్లలో నేను చూసేది దాదాపు ఒకటే కథ. సైకిల్ చెడిపోయి తొక్కడం మానలేదు. తొక్కడం మానేశాక చెడిపోయింది. ఎందుకు మానేశారని అడిగితే ముందు తీరిక లేదంటారు. కాసేపు మాట్లాడితే అసలు సంగతి వస్తుంది: ఎక్కడానికి కాలు అంత ఎత్తు లేవదు, సీటు మీద పది నిమిషాలు కూర్చోలేరు, చప్పుడుకు కింది ఇంటివాళ్లు గొడవపడ్డారు. దుకాణంలో నిలబడి చక్రం బరువు ఎంత, తెర మీద ఏమేం కనిపిస్తాయి అని వంద అడిగినవారు, ఒక్కసారి ఎక్కి పది నిమిషాలు తొక్కి చూసి ఉండరు.

అందుకని ముందే నా మాట చెప్పేస్తాను. మీ ముగ్గురికీ కలిపి ఒక్కటే కొనాలంటే వెనక్కి ఆనుకుని కాళ్లు ముందుకు చాపి తొక్కే రకం కొనండి. దుకాణంలో రికంబెంట్ బైక్ అంటారు. అయస్కాంతంతో బిగువు, అంటే పెడల్ ఎంత గట్టిగా తిరగాలో అది, మారేది కావాలి. మీరు అనుకున్న 25 వేలలో సాదా రకం దొరుకుతుంది. తెర, పాటలు, ఫోనుకు అనుసంధానం, ఇవేవీ లేకపోయినా పరవాలేదు.

స్పిన్ బైక్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి, ఎందుకంటే ధర వింటే ఎవరికైనా మనసు లాగుతుంది. అది చెడ్డ యంత్రం కాదు. ముందుకు వంగి, అవసరమైతే సీటు మీంచి లేచి, చెమటలు కారేలా తొక్కేవారి కోసం చేసిన బండి. దాని సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది. హ్యాండిల్ దూరంగా ఉంటుంది, నడుము వంచక తప్పదు. అది కూడా కాదు నా భయం. వీధిలో తొక్కే సైకిల్ మీద మీరు కాళ్లు ఆపితే పెడళ్లు ఆగిపోతాయి, చక్రం మాత్రం తిరుగుతూ పోతుంది. స్పిన్ బైకుల్లో చాలావాటికి అలా ఉండదు. ముందున్న బరువైన చక్రం పెడళ్లకు నేరుగా ముడిపడి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, వాటితో పాటు మీ కాళ్లనూ తిప్పుతాయి. ఆపాలంటే బిగువు నాబ్‌ను కిందికి నొక్కి పట్టాలి. కాలు జారిన మనిషికి ఆ క్షణంలో నాబ్ గుర్తుకు రాదు, కాలు కింద పెట్టబోతారు. అప్పుడు తిరిగి వచ్చే పెడల్ మోకాలి కింది ఎముకను కొడుతుంది. ఆ దెబ్బ నేను తిన్నాను, అది కూడా పని తెలిసిన వాణ్ణై ఉండి. అత్తగారిని దాని మీద ఊహించుకోండి. సెలవులకు చిన్నపిల్లలు వచ్చే ఇల్లయితే మరీ వద్దు, తిరిగే చక్రం దగ్గర వేళ్లు పెట్టడం వాళ్లకు ఆట.

మీవారు మాత్రం ఆ బేరం వదలనంటే, వెళ్లి చూసి రమ్మనండి. చూడాల్సింది పైన కాదు. ఫోను లైటు వేసి హ్యాండిల్ కింద, అంటే తొక్కే మనిషి చెమట బొట్లు పడే చోట బోల్టులు చూడాలి. అక్కడ తుప్పు పట్టి ఉంటే లోపల కూడా అంతే. తరవాత పెడల్ బిగించే కమ్మీలు రెంటినీ, అంటే క్రాంకులను, చేత్తో పట్టుకుని పక్కలకు ఊపాలి. కొంచెమైనా కదిలితే బేరింగో ఇరుసో అరిగిందన్నమాట. చివరగా చక్రాన్ని ఒత్తి పట్టే ఉన్ని దిమ్మను చూడాలి. అది నల్లగా మాడి, పలచబడి ఉంటే మార్చాలి. దిమ్మ ఖరీదు పెద్దదేం కాదు, కానీ సరైన కొలత దొరకడమే కష్టం.

ఇక ఎయిర్ బైక్. చేతులు కూడా ఆడతాయి కాబట్టి ఒళ్లంతటికీ వ్యాయామం అని దుకాణదారు చెప్పి ఉంటాడు. మాట అబద్ధం కాదు. ముందున్న ఫ్యాను రెక్కలు గాలిని నెట్టడమే దాని బిగువు. మెల్లగా తొక్కితే ఏమీ ఉండదు, వేగం పెంచితే కొండెక్కినట్లుంటుంది. గాలి లెక్క అలాంటిది: వేగం రెట్టింపు చేయాలంటే దాదాపు 8 రెట్ల శక్తి పెట్టాలి. కుర్రవాళ్లు ఒక నిమిషం ఆయాసపడేలా తొక్కి, ఒక నిమిషం ఆగి, మళ్లీ తొక్కడానికి అంతకంటే మంచి యంత్రం లేదు. మీకు కావాల్సింది అది కాదు. మీకు ఒకే తీరుగా, మోకాలు నొప్పించకుండా అరగంట సాగాలి. పైగా ఫ్యాను హోరు. రాత్రి ఎనిమిదిన్నరకు హాల్లో మీరది తొక్కుతుంటే టీవీలో ఏం మాట్లాడుతున్నారో మీ అత్తగారికి వినబడదు. ఆ ఒక్క కారణానికే వారం తిరక్కుండా యంత్రం మూలకు చేరిన ఇల్లు నాకు తెలుసు.

మడతపెట్టే సన్న సైకిళ్లు కూడా వస్తున్నాయి, ఏడెనిమిది వేలకు దొరుకుతాయి. ఒంటరిగా ఉండే సన్నపాటి మనిషికి సరే. మీవారు ఎక్కితే ఊగుతుంది.

అయస్కాంతం ఎందుకంటున్నానో కూడా చెబుతాను. పాత కరెంటు మీటర్లు గుర్తున్నాయా? గాజు వెనక అంచు మీద గుర్తున్న ఒక పలచని అల్యూమినియం పళ్లెం తిరుగుతూ ఉండేది. ఇంట్లో లైటు ఆపగానే అది అదే ఊపుతో తిరిగిపోకుండా పక్కన ఒక అయస్కాంతం కాపలా ఉండేది. దానికి పళ్లెం తగిలేది కాదు, అయినా అయస్కాంతం దాన్ని నిలువరించేది. తిరిగే లోహంలో అయస్కాంతం వల్ల కరెంటు సుడులు పుడతాయి, ఆ సుడులే తిరుగుడుకు ఎదురు నిలుస్తాయి. మీ సైకిల్లో జరిగేదీ అదే. నాబ్ తిప్పితే లోపల తీగ లాగి అయస్కాంతాలను చక్రానికి దగ్గర చేస్తుంది, బిగువు పెరుగుతుంది. వెనక్కి తిప్పితే దూరం చేస్తుంది. రాపిడి లేదు, అరుగుదల లేదు, మాడు వాసన లేదు, చప్పుడు లేదు. ఉన్ని దిమ్మ రకంలో ఇవన్నీ ఉంటాయి. ఇంకో సుఖం, సాదా రకాలకు కరెంటు అక్కర్లేదు. తెరకు రెండు పెన్సిల్ సెల్లులు చాలు. వేసవిలో కరెంటు పోయినా తొక్కవచ్చు, ఫ్యాను ఆడదన్నదే బాధ.

దుకాణంలో మీకు రెండు అంకెలు చెబుతారు. ఒకటి చక్రం బరువు, రెండోది బిగువు మెట్లు 8 అనో 16 అనో. మెట్ల అంకెను పట్టించుకోకండి. ఒక కంపెనీ 8వ మెట్టు ఇంకో కంపెనీ 4వ మెట్టుతో సమానం కావచ్చు, దానికి ప్రమాణం లేదు. చక్రం బరువుకు కొంత అర్థం ఉంది, కానీ లోపల అది ఎంత వేగంగా తిరిగేలా బిగించారన్నది కూడా లెక్కే కాబట్టి అంకె ఒక్కటే చాలదు. దాన్ని కాళ్లతోనే కనుక్కోవచ్చు. తక్కువ బిగువులో మెల్లగా తొక్కండి. పెడల్ ఒక చోటికి వచ్చేసరికి ఆగి, మళ్లీ తోసినట్టు కుదుపు తెలిస్తే చక్రం తేలికది. నూనె గానుగలా ఒకే తీరున తిరిగితే మంచిది. మోకాలు నొప్పి ఉన్న మీకు ఆ కుదుపు పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

తెర మీద కనబడే కేలరీల గురించి ఒక రహస్యం. సాదా సైకిళ్లలో లోపల చక్రానికి ఒక చిట్టి అయస్కాంతం అంటించి ఉంటుంది, దాని ఎదుట ఒక స్విచ్చి ఉంటుంది. అది ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టడమే ఆ తెర చేసే పని. చేత్తో తిప్పే బిగువు నాబ్‌కూ తెరకూ మధ్య తీగే ఉండదు. అంటే మీరు 1వ మెట్టులో తొక్కినా, 8లో చెమటోడ్చినా, చుట్లు ఒకటే అయితే కేలరీలు కూడా ఒకటే చూపిస్తుంది. మీ బరువు దానికి తెలియదు, మీవారి బరువు అంతకంటే తెలియదు. ‘ఈ రోజు 300 కరిగించాను’ అని మీవారు రెండు గారెలు ఎక్కువ తింటే ఆ నష్టం సైకిల్‌ది కాదు. నేను ఎప్పుడూ ఒక్క అంకెనే చూడమంటాను, సమయం.

మీ అబ్బాయి చెప్పిన తెర బండి గురించి. అతను ప్రేమతో చెప్పాడు, అక్కడ వాటి మీద తొక్కేవాళ్లను చూసి ఉంటాడు. అవి మంచివే. కానీ తెర మీద వ్యాయామ పాఠాలు చూడాలంటే నెలనెలా చందా కట్టాలి, పాఠం చెప్పే మనిషి భాష, వేగం మీ అత్తగారికి పట్టవు. అక్కడి నుంచి పంపిస్తానంటే అసలు వద్దనండి. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మనకు 230. ఆ తేడా తట్టుకునే అడాప్టరు ఉన్నా, రేపు ఏదైనా భాగం పోతే కాకినాడలో ఎవరు తెస్తారు? ఫోను పెట్టుకునే చిన్న స్టాండు ఉన్న సైకిల్ చాలు. అతను వీడియో కాల్ చేస్తే నానమ్మ తొక్కుతూ మాట్లాడుతుంది. ఇంతకంటే మంచి తెర ఏముంది!

ఇక ఆనుకునే రకంలో ఏం చూడాలో చెబుతాను. ఇక్కడ తొందరపడకండి, ఈ అరగంటే రాబోయే అయిదేళ్లను నిర్ణయిస్తుంది. దుకాణానికి ముగ్గురూ వెళ్లండి. కాకినాడలో ఈ రకం ప్రదర్శనకు పెట్టకపోతే రాజమండ్రికో విశాఖకో వెళ్లిన రోజున చూడండి, అన్నీ ఎక్కి చూడనిచ్చే పెద్ద క్రీడా సామగ్రి దుకాణాలు ఉంటాయి. అత్తగారిని రోజూ ఇంట్లో కట్టుకునే చీరతోనే రమ్మనండి. సీటుకూ ముందు భాగానికీ మధ్య నేల దగ్గరగా ఖాళీ ఉండాలి, కాలు ఎత్తి దాటనక్కర్లేకుండా నడిచి వెళ్లి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలి. కూర్చున్నాక ఆవిణ్ణి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవమనండి. సీటు మరీ కిందికి ఉన్న రకాలు కొన్ని ఉన్నాయి, కూర్చోవడం తేలికే, లేవడానికే మనిషి కావాలి. సీటు పక్కన రెండు వైపులా పట్టుకునే కమ్మీలు ఉంటే ఆ చిక్కు తీరుతుంది.

చీర కుచ్చిళ్లు పెడల్‌కు చుట్టుకుంటాయేమో కూడా అక్కడే చూడండి. బెల్టు, చక్రం ప్లాస్టిక్ డొప్ప లోపల ఉంటాయి కాబట్టి వాటితో ప్రమాదం లేదు. క్రాంకు మాత్రం బయటే తిరుగుతుంది. కుచ్చిళ్లు దోపుకుంటే సరిపోతుందని కొందరంటారు. నాకు నమ్మకం లేదు. ఇంట్లో పంజాబీ డ్రెస్సు వేసుకోవడానికి ఆవిడ ఒప్పుకుంటే సగం భయం పోతుంది. హవాయి చెప్పులతో మాత్రం ఎవరూ తొక్కవద్దు, పట్టీలోంచి జారతాయి.

తరవాత సీటు జరిపే పద్ధతి. మీరు ముగ్గురూ మూడు ఎత్తులవాళ్లై ఉంటారు. రోజుకు రెండు మూడుసార్లు సీటు ముందుకూ వెనక్కూ జరపాలి. కూర్చుని ఉండగానే పక్క పిడి ఎత్తి జరపగలిగితే అందరూ జరుపుతారు. దిగి, వంగి, కిందనున్న పిన్ను పీకి జరపాల్సి వస్తే మూడో రోజు నుంచి ఎవరూ జరపరు, మీవారు పెట్టిన దూరంలోనే అత్తగారు కాళ్లు సాగదీసి తొక్కుతారు, నడుము పట్టేస్తుంది. దూరం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. ఎక్కి, మడమను పెడల్ మీద పెట్టి, ఆ కాలు అన్నిటికన్నా దూరంగా వెళ్లే చోట ఆపండి. మోకాలు అప్పుడు తిన్నగా ఉండాలి. తరవాత మడమ బదులు పాదం ముందు భాగం పెట్టండి, మోకాలు కొంచెం వంగుతుంది. ఆ వంపే కావాలి. సీటు మరీ దగ్గరైతే మోకాలు బాగా ముడుచుకుని చిప్ప మీద ఒత్తిడి పడుతుంది, నొప్పి ముందు వైపు వస్తుంది. దూరమైతే మోకాలి వెనక లాగుతుంది. నొప్పి ఎక్కడుందో అదే చెబుతుంది సీటు ఎటు జరపాలో.

మీవారి బరువుకు సైకిల్ మోయగల బరువు 100 కిలోలని రాసి ఉన్నా చాలంటారు. నేనైతే 120 కిందికి దిగను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బరువంతా ఒక పక్కకు పడుతుంది, బేరింగులు అరిగేది అప్పుడే. నిజానికి ఈ రకం ఆయనకు కాస్త చప్పగా అనిపించవచ్చు. పరవాలేదు, ఆయనకు కుక్కల భయం ఉన్నట్టు మీరు రాయలేదు, పొద్దున నడవమనండి.

చోటు కొలుచుకుని వెళ్లండి. ఇది పొడవు ఎక్కువ, సుమారు 5 అడుగులు, వెడల్పు రెండు అడుగులకు కాస్త పైన. ఎక్కి దిగడానికి పక్కన ఇంకో రెండు అడుగులు వదలాలి. అంత చోటు లేకపోతే, లేదా సీటు అత్తగారికి కుదరకపోతే, నిటారుగా కూర్చునే సాదా అయస్కాంత సైకిల్ తీసుకోండి. అందులోనూ మధ్య కమ్మీ కిందికి ఉండి, సీటుకు వెనక వీపు ఆనడానికి దిండు ఉన్న రకం వస్తుంది. మూడున్నర అడుగుల్లో సరిపోతుంది, డబ్బూ మిగులుతుంది. అది రెండో మాట మాత్రమే.

గ్యారంటీ కాగితం చూపించి ఫ్రేముకు ఇన్నేళ్లు అని పెద్ద అక్షరాల్లో చూపిస్తారు. విరిగేది ఫ్రేము కాదమ్మా. పంతొమ్మిదేళ్లలో ఫ్రేము విరిగి నన్ను పిలిచినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెగేది బిగువు తీగ, పోయేది తెర, ఊడేది పెడల్, చిరిగేది సీటు. వీటికి ఎన్నాళ్లు ఇస్తారు, కాకినాడకు మనిషి వస్తాడా, వస్తే ఎన్ని రోజులకు, ఇవి అడిగి రాయించుకోండి. పెట్టె 40 కిలోల దాకా ఉండవచ్చు, రెండో అంతస్తు దాకా మోసి ఇవ్వడం ధరలో కలిసిందా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. లేకపోతే పెట్టె మెట్ల దగ్గర దించి సంతకం తీసుకుని వెళ్లిపోతారు.

బిగించడం మీ ఇంట్లోవాళ్లే చేసుకుంటామంటే ఒక్క చోట జాగ్రత్త. కుడి పెడల్ అన్ని నట్ల లాగే కుడివైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడల్ అలా కాదు, ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. వీధి సైకిళ్లకూ అంతే. తొక్కుతుంటే దానంతట అది ఊడకుండా అలా మర కోస్తారు. ఆ సంగతి తెలియనివారు ఎడమదాన్ని బలవంతంగా కుడివైపు తిప్పుతారు. పెడల్ ఉక్కు, క్రాంకు మర అంత గట్టిది కాదు. రెండు చుట్లు కష్టంగా వెళుతుంది, బిగిసిందనుకుంటారు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో ఒక లాయరుగారి ఇంట్లో సరిగ్గా ఇదే చేశాను. నాలుగో రోజు ఆయన తొక్కుతుండగా పెడల్ ఊడి చేతిలోకి వచ్చింది, దాంతో పాటు వెండి పొడిలా మర తురుము. కొత్త క్రాంకు నా జీతంలోంచి పోయింది. పెడల్ ఇరుసు చివర ఎడమదానికి ‘ఎల్’ అని, కుడిదానికి ‘ఆర్’ అని ఇంగ్లిషు అక్షరం చెక్కి ఉంటుంది. ముందు వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తిప్పండి, వేళ్లకు తిరక్కపోతే స్పానర్ పట్టవద్దు. వారం తొక్కాక రెంటినీ మరోసారి బిగించండి.

బాల్కనీ వద్దు. మీది సముద్రపు గాలి. ఉప్పు గాలికీ చెమటకూ మధ్య ఆ బోల్టులు రెండు వానాకాలాలు తట్టుకోవు. పైగా బాల్కనీలో పెడితే మొదటి నెలలో తువ్వాలు ఆరేస్తారు, రెండో నెలలో చీరలు. హాల్లోనే పెట్టండి, సోఫాలో ఒక ముక్క బయటికి పంపాల్సి వచ్చినా సరే. కింద మందపాటి రబ్బరు చాప, పైన ఫ్యాను. బయట తొక్కితే గాలి తగులుతుంది, ఇంట్లో తగలదు, అందుకే ఇంట్లో తొక్కితే అంత చెమట. తొక్కాక హ్యాండిల్, సీటు తుడిచేయండి, చాలు, వేరే సేవ ఏమీ లేదు.

తొక్కడం విషయానికి వస్తే, నేను డాక్టరును కాను. మీ అత్తగారికి బీపీ ఉంది కాబట్టి ఆవిడ డాక్టరును అడిగాకే ఎక్కించండి. అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవారికి గుండె వేగం పెద్దగా పెరగదు, అందుకని హ్యాండిల్ మీద చూపించే నాడి అంకెను నమ్మి ఇంకా గట్టిగా తొక్కకూడదు. చక్కెరకు గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవారు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, తొక్కేటప్పుడు చక్కెర పడిపోవచ్చు, దగ్గర ఏదైనా తీపి ఉంచుకోవాలి. గుండెలో పట్టేసినట్టు ఉన్నా, తల తిరిగినా దిగిపోవాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. మీ మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా సైకిల్ కంటే ముందు ఎముకల డాక్టరు.

మిగతాదంతా తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాలు, మధ్యస్థమైన శ్రమ. మధ్యస్థం అంటే తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఆయాసం రావాలి. మీరు మొదటి వారం రోజుకు పది నిమిషాలకు మించకండి. బిగువు తక్కువ, కాళ్లు నిమిషానికి 60 చుట్లు తిరిగేలా. మోకాలు నొప్పి ఉన్నవారు చేసే తప్పు బిగువు పెంచి మెల్లగా తొక్కడం, అది మెట్లెక్కడంతో సమానం. మెట్ల మీద మీ మోకాలు శరీర బరువుకు కొన్ని రెట్లు మోస్తుంది, సైకిల్ మీద ఆ బరువు సీటు మోస్తుంది. ఆ సుఖాన్ని బిగువు పెంచి పాడుచేసుకోవద్దు. నెల తిరిగేసరికి రోజుకు అరగంటకు చేరితే వారానికి అయిదు రోజులు చాలు.

మీ 6.2కు పనికొచ్చే మాట ఇంకొకటి. భోజనం చేశాక రక్తంలో చక్కెర పెరుగుతుంది కదా, ఆ సమయంలో తొడ కండరాలు పనిచేస్తుంటే అవి ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటాయి. ఒంట్లో పెద్ద కండరాలు అవే. రాత్రి భోజనమయ్యాక కాస్త ఆగి, పదిహేను నిమిషాలు మెల్లగా తొక్కండి, సీరియల్ చూస్తూనే. ఆనుకునే సైకిల్ మీద అది సాధ్యం, ముందుకు వంగే స్పిన్ బైక్ మీద నిండు పొట్టతో సాధ్యం కాదు. అయితే ఏ సైకిల్ అయినా ఎముకలకు బలం ఇవ్వదు, బరువు సీటు మోసేస్తుంది కాబట్టి. మీ వయసులో ఆ సంగతి పట్టించుకోవాలి. బ్యాంకులో భోజనం వేళ నాలుగడుగులు నడవడం, ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, ఇవి వదలకండి. అత్తగారికి మొదట అయిదు నిమిషాలు, పొద్దునా సాయంత్రం, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

పై ఫ్లాటు ఆవిడకు ఏం చెప్పాలో కూడా మీకు బెంగగా ఉన్నట్టుంది, రోజూ మెట్ల మీద ఎదురుపడే మనుషులు. వద్దని చెప్పే ముందు ఒకసారి అత్తగారిని తీసుకుని వాళ్లింటికి వెళ్లి, చక్రం కదలకుండా నాబ్ నొక్కి పట్టి, ఆ స్పిన్ బైక్‌ను చూపించి ఎక్కగలరేమో అడగండి. ‘మా అత్తగారు ఎక్కలేకపోయారండీ’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్ల కళ్ల ముందే జరిగిన సంగతి.